అటుకమీది దీపములు

స్త్రీలు కూడబెట్టు వస్తువులనగా నగలు, పట్టుచీరలు, వెండిగిన్నెలు మాత్రమేయని లోకులు తలంతురు. నాకు పాత దీపములయందు మక్కువ. ఇత్తడితోను గాజుతోను చేయబడి, మన అవ్వల కాలమున ఇంటింట వెలిగి, కరెంటు వచ్చిన పిదప అటుకలెక్కి కూర్చున్న దీపములను నేను 11 ఏండ్లుగా సేకరించుచున్నాను. నేటికి 43 చేరినవి. వానిలో పండ్రెండింటికి చిమ్నీలు లేవు. అయిదింటికి వత్తి త్రిప్పు చక్రములు లేవు. ఒకదానికి తలయే లేదు. మా వారు బడిపంతులు. "మా ఇంట వెలుగునవి నాలుగు బల్బులు, వెలుగనివి నలువదిమూడు దీపములు" అని వచ్చినవారితో నవ్వుచు చెప్పుదురు.

ఇది ధనికుల వినోదమని సోదరీమణులు తలంపవలదు. ఇరుగుపొరుగు పిల్లలకు సాయంకాలమున తెలుగు పద్యములు, సంస్కృత శబ్దములు చెప్పుటచే వచ్చు కొలదిసొమ్ములోనే ఈ కొనుగోళ్లు సాగుచున్నవి. కొన్ని దీపములు ఊరకనే వచ్చినవి. ఇల్లు పడగొట్టువారు "సారమ్మ తీసుకపోతది" అని నాకు కబురంపుదురు.

పాలమూరు సీమలో, కల్వకుర్తి ప్రాంతమున, మా తాతగారు నాకు ఇంటిలోనే అమరము, రఘువంశము, భారతము చెప్పిరి. కాళిదాసునకు దీపశిఖా కాళిదాసను పేరు తెచ్చిన యుపమానము రఘువంశములోని ఇందుమతీ స్వయంవరమున నున్నది. రాత్రివేళ రాజవీథిలో కదలిపోవు దీపము ముందరి మేడలను వెలిగించి, దాటిన మేడలను చీకటిపాలు చేయునట్లు, ఆ కన్య తమ్ము దాటిపోగా రాజుల ముఖములు నల్లబడెనని భావము. అది చెప్పిననాటి రాత్రి కరెంటు లేదు. తాతగారు నా చేతికి కందిలి యిచ్చి వాకిట నడువుమనిరి. తులసికోట, బావిగట్టు, పసులకొట్టము ఒక్కొక్కటి వెలిగి, నేను దాటగనే మునిగినవి. పుస్తకములోని మాట కంటికి కనబడెను. నా మక్కువ ఆనాటిది.

పాత దీపము కనబడినప్పుడు నేను మొదట అడుగు ప్రశ్న, ఇది యే నూనె త్రాగినదని. మనది మెట్టసీమ. నల్లగొండ, పాలమూరు జిల్లాల ఎఱ్ఱచెలకలలో ఆముదము విస్తారముగా పండెడిది. ఏ చెట్టును లేనిచోట ఆముదపుచెట్టే మహావృక్షమను సామెతను ఇతరులు పరిహాసమునకు వాడుదురు గాని, వేసవిలో మా చెలకలలో నిలిచి చూచినవారికి అది కన్నులయెదుటి నిజము. ఆముదము చిక్కని నూనె. వత్తి వెంట ఎక్కువ ఎత్తు ప్రాకలేదు. కావుననే ఆముదపు దీపము గిన్నె వెడల్పుగను, లోతు తక్కువగను, నోరు తెఱచుకొనియు నుండును. మంట నూనెకు దాపుననే నిలుచును. గ్యాసునూనె పలుచనిది. జానెడు వత్తి వెంటనైనను పైకి వచ్చును. అందుచేత దాని దీపమునకు అడుగున మూసిన తొట్టి, నడుమ పట్టీవత్తి, పైన గాజు చిమ్నీ యేర్పడినవి.

చిమ్నీ గాలికి అడ్డు మాత్రమేయని మనమనుకొందుము. దాని పని అంతటితో తీరలేదు. వేడెక్కిన గాలి ఆ గొట్టములో పైకి లేచుచు అడుగునుండి క్రొత్తగాలిని లాగును. గాలి చాలినంత అందినచో నూనె పూర్తిగా మండి, పొగ తగ్గి, వెలుగు తెల్లబడును. ఈ కిటుకును 1780 ప్రాంతమున స్విట్జర్లండు దేశీయుడగు ఆర్గాండు కనిపెట్టి దీపములకు గాజుగొట్టము తొడిగెను; గ్యాసునూనె దీపములు వచ్చినది 1850లలో. మా వారు ఒకనాడు నా బల్లదీపమును బడికి కొనిపోయి, ఏడవ తరగతి పిల్లలయెదుట వెలిగించి, చిమ్నీ నెత్తినప్పుడు మంట ఎఱ్ఱబడి పొగ చిమ్ముటయు, దించగనే తెల్లబడుటయు చూపిరి. ఆ వారములో నలుగురు పిల్లలు తమ యిండ్లనుండి మసిబాఱిన కందిళ్లను తెచ్చి మా యరుగుపై పెట్టిపోయిరి!

కందిళ్లలో చాల జాతులున్నవి. అమెరికాలో పుట్టిన డీట్జు, జర్మనీవారి ఫ్యుయర్‌హాండు, సతారా జిల్లా ఓగలేవాడిలో ఓగలే గాజు కర్మాగారమువారు చేసిన ప్రభాకర్ కందిలి. నా వద్ద మూడును గలవు. మూడవది మన దేశపుదగుటచే దానిపై నాకు పక్షపాతము. అయితే కందిళ్లలో నధికము తగరపు పూత పూసిన రేకువి. ఇత్తడివి అరుదు. వాని కథ వేఱు.

మా అత్తవారిల్లు దేవరకొండ ప్రాంతమున నున్నది. ఆ యింటి అటుకపై గోనెసంచిలో గాలికొట్టు దీపమొకటి దొరికినది. అందఱును దానిని పెట్రోమాక్సు అనెడివారు. పెట్రోమాక్సు అనునది బెర్లినులోని యొక కంపెనీవారి దీపమునకు పేరు. మన యూళ్లలో గాలికొట్టు దీపములన్నిటికిని ఆ పేరే స్థిరపడినది. నేను చింతపండు గుజ్జుతో తొట్టిని తోమగా, పచ్చని చిలుము క్రింద బంగారువన్నె ఇత్తడియు, దానిపై చెక్కిన అక్షరములును బయటపడినవి. ఆప్టిమస్, మేడ్ ఇన్ స్వీడన్! మా మరిది స్టాక్‌హోములో ఉద్యోగము చేయుచున్నాడు. ఫోనులో ఆ యక్షరములు చదివి వినిపించితిని. అతడు కొంత తడవు మాటాడలేదు. పిదప "వదినా, ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న ఊరు మీదనుంచే నా రైలు పోతది" అనెను. ఉప్లాండ్స్ వేస్బీ యను ఆ యూరు స్టాక్‌హోమునకు ఉత్తరమున నున్నది. ఎవరో చేసిన ఇత్తడిదీపము అక్కడినుండి ఓడయెక్కి మన మెట్టసీమకు వచ్చినది. ఇచ్చటి పిల్లవాడు విమానమెక్కి ఆ యూరికి పోయినాడు.

ఈ దీపము పెండ్లి ఊరేగింపులలో మనుష్యుల తలలపై నడిచినది. చిందు బాగోతము ఆడిన రాత్రులయందు పందిరి గుంజకు వ్రేలాడినది. మా అత్తగారు చెప్పగా వింటిని. దీని కీలు విచిత్రమైనది. తొట్టిలోనికి గాలి కొట్టగా నూనె సన్నని గొట్టము వెంట పైకెగసి, మంటవేడికి ఆవిరియై, గాలితో కలిసి నీలిమంటగా మండును. నీలిమంటకు వెలుగు తక్కువ. ఆ మంటపై తొడిగిన మాంటిలు అను వలసంచి కాగి తెల్లగా మెఱయును. ఆ సంచిని 1885లో ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కార్ల్ ఆవర్ కనిపెట్టెను. నూఱుపాళ్లలో 99 పాళ్లు థోరియము భస్మము, ఒక్కపాలు సీరియము భస్మము దానికి కుదిరిన పాకము. థోరియము రేడియోధార్మిక పదార్థము. పాత మాంటిళ్ల బూడిదను పిల్లలు చేత నలుపరాదు, ఊదరాదు. తడిగుడ్డతో నెత్తి పారవేయవలెను.

స్టాక్‌హోమువారి మఱియొక వస్తువు మనకు చుట్టమువంటిది. ప్రైమసు స్టవ్వు. లింద్‌క్విస్టు అను స్వీడను పనివాడు 1892లో దానిని వెలువరించెను. ఆ కంపెనీవారు 1911 నుండి యేటికొక గుర్తు చొప్పున అక్షరములు ముద్రించుచు వచ్చిరి. మీ యింటి పాత స్టవ్వునకు అట్టి యక్షరమున్నచో అది పుట్టిన యేడు తెలిసికొనవచ్చును. ముద్దవెలుగని పిలిచినట్లు దానిని స్టవ్వని పిలిచి మఱచితిమి గాని, 1911లో దక్షిణధ్రువమునకు పోయిన ఆముండ్సెను వెంట నుండినది ఇదియే.

మా మరిది ద్వారానే మఱియొక సంగతి తెలిసినది. డెన్మార్కు, స్వీడను, ఫిన్లాండు దేశములలో 1950 ప్రాంతమున చేసిన ఇత్తడి, గాజు దీపములను నేడు లోకమంతట సేకరించువారు గలరట. వేలములలో వానికి గొప్ప వెలలు పలుకునట. ఆ దేశములయందు చలికాలమున ప్రొద్దు మూడుగంటలకే క్రుంకును గనుక దీపమనిన వారికి అన్నమువలె నిత్యావసరము. డెన్మార్కు దేశీయుడు పౌల్ హెన్నింగ్సెన్ (1894–1967) బాల్యమున గ్యాసునూనె దీపముల మెత్తని వెలుగులో పెరిగెను. పిదప విద్యుద్దీపము వచ్చి కన్ను చెదర జేయగా, ఆ పాత వెలుగును క్రొత్త బల్బునుండి రాబట్టుటకై పూనుకొనెను. ఒకదానిపై నొకటి గొడుగులు పేర్చి, ఏ మూలనుండి చూచినను బల్బు కంటబడక, వెలుగు మాత్రము గొడుగులను తాకి జాఱునట్లు 1926లో మూడు గొడుగుల దీపమును కల్పించెను. ఇంటింట వ్రేలాడదీయు పెద్ద దీపము 1958లో వచ్చినది. ఫిన్లాండులో పావో టైనెల్ (1890–1973) ఇత్తడిరేకునకు సన్నని తూట్లు పొడిచి, వెలుగు చుక్కలుగా రాలునట్టి దీపములు చేసెను.

ఆ ఇత్తడి చిత్తరువులను చూచినప్పుడు నాకు పెంబర్తి జ్ఞప్తికి వచ్చెను. జనగామ చెంతనున్న పెంబర్తి గ్రామమున విశ్వకర్మలు ఇత్తడిరేకును సుత్తితో కొట్టి, వెనుకనుండి ఉబ్బించి, లతలు, హంసలు దీర్చుదురు. కాకతీయుల కాలమున దేవాలయ రథములకు తొడుగులు చేసిన కుదురని ప్రసిద్ధి. నిజాముల కాలమున పాన్‌దానులు, అత్తరుదానులు, వ్రేలాడు దీపములు చేసిరి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మా జిల్లాలోనే చండూరు ఇత్తడి బిందెలకు పేరు పడినది. ఫిన్లాండు పనివానికిని మన కంచరికిని రేకు ఒక్కటే, సుత్తి ఒక్కటే. అచ్చట దీపముపై చేసినవాని పేరు నిలిచినది; ఇచ్చట బిందెపై కొన్న ఇల్లాలి పేరు నిలిచినది. పుట్టినింటివారు సారెగా నిచ్చిన బిందెమీద, చెంబుమీద, దీపపుసెమ్మెమీద చుక్కలుగా పొడిపించిన పేర్లను చదువరులందఱును చూచియే యుందురు. భూమి, ఇల్లు మగవారి పేర వ్రాయబడిన కాలమున ఆడువారి పేరు వ్రాయబడిన ఆస్తి ఇత్తడియే.

అట్టి ఆస్తి తక్కెడలో నెట్లు పోవుచున్నదో చూడుడు. పాత ఇత్తడికి క్రొత్త స్టీలు ఇచ్చెదమని వీథులలో కేకలు వేయుచు వచ్చువారికి మన తల్లులు బిందెలకు బిందెలే ధారపోసిరి. స్టీలు తేలిక, చింతపండుతో తోమ బనిలేదు, పులుపునకు చెడదు. వారి కష్టము నెఱిగినదానను గనుక వారిని తప్పుపట్టను. కాని దీపము బిందెవంటిది కాదు.

మా వీథిలో మూడిండ్ల యవతల ఒక ముసలమ్మ యున్నది. రెండేండ్ల క్రిందట ఆమె వాకిట పాత సామానులవాడు తక్కెడ దించుట చూచితిని. కొక్కెమునకు ఒక వ్రేలాడుదీపము: మూడు ఇత్తడి గొలుసులు, తీగెలు కోసిన ఇత్తడిపట్టు, దాని నడుమ ఉసిరికపచ్చ గాజుగిన్నె. పడిపోయిన గడీ సామానులమ్మినప్పుడు ఆమె మామగారు కూలికి బదులుగా తెచ్చుకొన్నదట. "గాజుకు తూకం లేదు, పగలగొట్టి తీసేస్తా" నని వాడు సుత్తి వెదకుచుండెను. మనుమరాలి నర్సింగు చదువునకు రుసుము కట్టవలసిన గడువు పదిదినములలో నున్నది.

నేను గాజుగిన్నెను చేత బట్టుకొని వెలుగున కెత్తి చూచితిని. లోన బుడగలు, అడుగున ఊదిన గొట్టమును విఱిచిన వృత్తాకారపు మచ్చ. యంత్రమున పోసినది కాదు. అట్టి దీపము నా వద్ద లేదు. ముసలమ్మ నా ముఖము చూచి "బిడ్డా, వాడిచ్చేదే నువ్వియ్యి. నీ ఇంట్ల ఉంటే నేను చూస్తుంట" అనినది. వాడిచ్చెదనన్న సొమ్ము నా పెట్టెలో నున్నది.

ఆ రాత్రి మా వారితో చెప్పితిని. "దాని వెల నీకు తెలిసియుండగా ఆమెకు తెలియకపోయిన, నీకును తక్కెడవానికిని భేదమేమి?" అని మాత్రమనిరి. మఱునాడు చిత్తరువులు తీసి హైదరాబాదులో పాతవస్తువులమ్ము ఇద్దఱికి పంపించితిని. ఇద్దఱిలో నెక్కువ చెప్పినవాడు తూకపు వెలకు ఆఱింతలు చెప్పెను. ముసలమ్మకు నమ్మకము చిక్కలేదు. "నవ్వులకు అంటున్నవా?" అని ముమ్మాఱు అడిగినది. పిదప ఇరువురమును బస్సెక్కితిమి. ఇత్తడిపట్టు ఆమె ఒడిలో, పాతచీరలో చుట్టిన గాజుగిన్నె నా ఒడిలో. దేవరకొండనుండి హైదరాబాదు వఱకు గోతులు వచ్చినప్పుడెల్ల దానిని రెండుచేతుల నెత్తి పట్టుకొంటిని. అంతసేపు అది నాదియే.

దుకాణదారుడు అంచున నొక చిన్నపెచ్చు చూపి వెల తగ్గింపజూచెను. నేను నోరు తెఱచునంతలో ముసలమ్మ గొలుసులు చేత జుట్టుకొని లేచినది. "అరవై యేండ్లు దూలానికి ఏలాడింది, ఇంకో అరవై ఏలాడుతది. నడువు బిడ్డా" అని గడపవఱకు నడిచినది. అతడు వెనుకకు పిలిచి, మొదట చెప్పిన సొమ్మే యిచ్చెను. రుసుము కట్టబడినది. ఆ పిల్ల యిప్పుడు రెండవయేడు చదువుచున్నది. ఆ దీపమునకై నేటికిని నా మనస్సు లాగుచునే యున్నదని చెప్పుటకు నాకు సిగ్గులేదు. వెలుగున కెత్తినప్పటి ఆ పచ్చదనము మఱల యెచ్చటను చూడలేదు.

అప్పటినుండి ఇంటింటివారును తమ దీపములను నాకు చూపి అడుగుచున్నారు. తెలిసినంత చెప్పుచున్నాను. అయస్కాంతమును తాకించి చూడుడు; అంటుకొన్నచో లోన ఇనుము, పైన ఇత్తడిపూత. సెమ్మెవంటి పోతపోసిన దీపములు మరలతో బిగించిన ముక్కలుగా నుండును. మరలు అరగక బిగువుగా నున్నచో మేలు. చిత్రపుపని గల ఇత్తడిని చింతపండుతో మాటిమాటికి తోమినచో గీతలు అరిగిపోవును. ఏటికొక్కమాఱు చాలును, మిగత దినములలో పొడిగుడ్డ. కొందఱు నలుపెక్కిన వన్నెయే వయస్సునకు గుర్తని తోమనే తోమరు. నేను మాత్రము మన యింటి ఇత్తడి మెఱయవలెననుదానను. చిలుమును పూజించుట నాకు నచ్చదు. వేడిచిమ్నీపై చన్నీరు పడనీయకుడు. గాలికొట్టు దీపములను ముచ్చటకు సైతము వెలిగింపకుడు. పాత తొట్టి అతుకులు గాలి యొత్తిడికి విడిపోయినచో మండు నూనె మీదికి చిమ్మును. మాదానిలో మా మరిది చిన్న బల్బు నమర్చి యిచ్చినాడు. దసరానాడు అది అరుగుపై వెలుగును. పొగయు వాసనయు లేకపోవుటచే మా అత్తగారికి తృప్తి లేదు.

కందిలి వెలుగులో జరిగిన వెన్ని! 1946 మొదలు 1951 వఱకు నల్లగొండ పల్లెలలో పోరాటము సాగిన దినములలో మా అత్తగారి తల్లి, వాకిట బూట్ల చప్పుడు వినబడగనే వత్తిని మిణుగురంతకు దించి, కందిలిని కుదురులోని వట్టి కాగులో నిలిపెడిదట. ఆ కందిలి నా వద్ద నున్నది. రేకుదే, తూకమున కఱకాసు చేయదు. నా 43 దీపములలో అమ్మకమునకు లేదని పిల్లలకు చెప్పి యుంచినది అదియొక్కటియే.

ఇపుడు నా వెదకులాట యొక చిమ్నీ కొఱకు. కల్వకుర్తినుండి మా తాతగారి బల్లదీపము నాకు వచ్చినది. ఇత్తడితొట్టి చక్కగా నున్నది, చక్రము త్రిప్పిన వత్తి లేచుచున్నది, చిమ్నీ లేదు. అడుగున రెండంగుళముల కొలత, నడుమ ఉబ్బు, నోటివద్ద గోరింటపువ్వు రేకులవలె అలల అంచు గలది కావలెను. హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో రెండుమాఱులు వెదకితిని. ఒకటి దొరికినది గాని అడుగు పావంగుళము పెద్దది. చదువరులలో నెవరి యటుకమీదనైన అట్టిది యున్నచో, దారము పెట్టి అడుగు కొలిచి, పత్రికవారికి నొక ముక్క వ్రాయగోరెదను. తగిన వెల యిచ్చెదను, తూకము వేయను.